ధర పెట్టాలా, యాడ్స్ పెట్టాలా: చిన్న జట్టు మొబైల్ గేమ్‌కు ఏ దారి నప్పుతుంది?

ఒంటరిగా మొబైల్ గేమ్ చేసేవాళ్లు, ఇద్దరు ముగ్గురున్న చిన్న జట్లు డబ్బు సంగతిని చివరికి నెట్టేస్తుంటారు. ముందు గేమ్ బాగా రానీ, ధర పెట్టాలా యాడ్స్ పెట్టాలా అన్నది తర్వాత చూద్దాం అనుకుంటారు. ఈ వరసే తప్పని నా గట్టి నమ్మకం. డబ్బు వచ్చే దారి మారితే లెవెల్ ఎంత పొడవుండాలో మారుతుంది. ఆడేవాడు ఓడిపోయిన క్షణంలో తెర మీద ఏం కనిపించాలో మారుతుంది. విడుదలయ్యాక ఆ గేమ్‌కు మీరు ఎన్నేళ్లు కట్టుబడి ఉండాలో కూడా మారుతుంది. కాబట్టి మొదటి లెవెల్ మొదలుపెట్టక ముందే ఇది తేల్చుకోవాలి.

ముందున్న దారులు ముఖ్యంగా ఐదు. ముందే ధర తీసుకోవడం, ఉచితంగా ఇచ్చి యాడ్స్ మీద ఆధారపడటం, కొంత ఉచితంగా ఆడనిచ్చి మిగతాదానికి ఒక్కసారి డబ్బు అడగడం, ఉచిత గేమ్‌లో నాణేలు, రత్నాలు, పెట్టెలు అమ్ముకోవడం, నెలవారీ చందా సేవకు గేమ్ ఇవ్వడం. చిన్న జట్టుకు నిజంగా అందేవి మొదటి మూడే. అందుకే ఎక్కువసేపు వాటి గురించే మాట్లాడతాను.

ఆడేవాళ్ల మనసులో ఏముంది

2008 జులైలో ఆపిల్ యాప్ స్టోర్ తెరిచినప్పుడు డబ్బు కట్టి గేమ్ దించుకోవడం మామూలు సంగతి. మరుసటి ఏడాది గేమ్ లోపల కొనుగోళ్లు వచ్చాయి. మొదట వాటిని ధర ఉన్న యాప్‌లలోనే అనుమతించారు, 2009 అక్టోబరు నుంచి ఉచిత యాప్‌లకూ తలుపు తెరిచారు. ఆ తర్వాత డౌన్‌లోడ్ ధర జారుతూ జారుతూ సున్నా దగ్గరికి చేరింది. ఇప్పుడు ఫోన్‌లో గేమ్ అంటే ఉచితంగా దిగేదే అన్న అలవాటు పాతుకుపోయింది.

జనం డబ్బు తీయరు అని దీనికి విసుక్కునే డెవలపర్లు ఉన్నారు. అది అన్యాయమైన మాట. అదే జనం, నచ్చిన గేమ్‌లో ఇష్టంగా ఖర్చు పెడతారు. ఎలా ఉంటుందో తెలియనిదానికి ముందే డబ్బు కట్టమంటేనే వెనకాడతారు. నాలుగు స్క్రీన్‌షాట్లు, అర నిమిషం వీడియో చూస్తే గేమ్ చేతికి ఎలా తగులుతుందో ఎవరికి తెలుస్తుంది? పక్కనే చూడటానికి అలాంటివే ఉచితంగా వరస కట్టి ఉన్నప్పుడు, మీ పేరు ఎప్పుడూ విననివాడు మీకు ముందుగా డబ్బు ఎందుకివ్వాలి?

ఒక్కో దారికి రాతపూర్వకంగా లేని ఒక ఒప్పందం ఉంటుంది. ముందే డబ్బు కట్టినవాడు ఇక తనను ఎవరూ ఏమీ అడగరు అనుకుంటాడు. మాన్యుమెంట్ వ్యాలీ అనే పజిల్ గేమ్ విషయంలో జరిగింది అదే. అస్‌టూ గేమ్స్ దాన్ని 2014 ఏప్రిల్‌లో 3.99 డాలర్లకు విడుదల చేసింది. అదే ఏడాది నవంబరులో కొత్త లెవెల్స్ చేర్చి, వాటికి 1.99 డాలర్లు అడిగింది. ఆ లెవెల్స్ తయారీకి ఆ సంస్థకు 5,49,000 డాలర్లు ఖర్చయినట్టు తర్వాత వాళ్లే వెల్లడించారు. అయినా డబ్బు అడిగినందుకు చాలామంది ఒక్క స్టార్ రేటింగులు ఇచ్చారు. పనిలో నాణ్యత తగ్గలేదు, అడిగిన ధర కూడా ఎక్కువేం కాదు. ఒకసారి కొన్నామంటే అంతా కొన్నట్టే అనుకున్నవాళ్లకు రెండోసారి బిల్లు కనిపించింది, అంతే. ఆడేవాళ్లకు కోపం తెప్పించేది ధర కన్నా ఎక్కువగా, ముందు చెప్పని ధర.

ముందే ధర పెడితే

లెక్క సూటిగా ఉంటుంది. 2021 జనవరి నుంచి ఆపిల్, అదే ఏడాది జులై నుంచి గూగుల్ చిన్న డెవలపర్లకు కమీషన్‌ను 30 శాతం నుంచి 15 శాతానికి తగ్గించాయి. ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా సంపాదనకు ఇది వర్తిస్తుంది. దానంతటదే వస్తుందని ఊరుకోకండి, ఆ పథకంలో మీరే నమోదు చేసుకోవాలి. 3.99 డాలర్ల గేమ్ ఒకటి అమ్ముడైతే, పన్నులు పక్కన పెడితే, మీ చేతికి సుమారు 3.39 డాలర్లు వస్తాయి. తయారీకి మీ సమయంతో కలిపి 20,000 డాలర్లు అయిందనుకుందాం. అది వెనక్కి రావాలంటే దాదాపు 5,900 మంది కొనాలి.

5,900 చిన్న సంఖ్యలాగే కనిపిస్తుంది. కానీ వాళ్లంతా ఆడకముందే డబ్బు తీయాల్సినవాళ్లు. మొబైల్‌లో ధర పెట్టి నిలబడ్డ గేమ్‌లను చూడండి. బలాట్రో 2024 ఫిబ్రవరిలో కంప్యూటర్లకు, కన్సోల్స్‌కు వచ్చి పేరు తెచ్చుకున్నాకే సెప్టెంబరులో 9.99 డాలర్లకు ఫోన్లలోకి వచ్చింది. స్టార్‌డ్యూ వ్యాలీ కూడా కంప్యూటర్‌లో 2016లో గెలిచి, 2018లో ఐఫోన్‌కు చేరింది. ఇలాంటి గేమ్‌లు పేరును వేరే చోట సంపాదించుకుని, ఆ పేరుతో ఫోన్‌లోకి వచ్చినవి. మాన్యుమెంట్ వ్యాలీకి ఆ వెసులుబాటు లేదు, నిజమే. కానీ దాని వెనక 8,52,000 డాలర్ల బడ్జెట్, చూడగానే ఆగి చూడాలనిపించే బొమ్మలు, ఆపిల్ డిజైన్ అవార్డు ఉన్నాయి. అది చూసి మనమూ అలా చేద్దాం అనుకుంటే మొదటికే మోసం రావచ్చు.

అదే గేమ్ గురించి 2015 జనవరిలో అస్‌టూ చెప్పిన మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఐఫోన్లు, ఐప్యాడ్లలో ఇన్‌స్టాల్ అయిన వాటిలో 40 శాతమే డబ్బు కట్టినవి, ఆండ్రాయిడ్‌లో అయితే 5 శాతమే. ఒకే కొనుగోలుతో రెండు మూడు పరికరాల్లో వేసుకున్నవాళ్లూ ఉంటారు కాబట్టి మిగతాదంతా దొంగ కాపీ అనలేం. అయినా రెండు వేదికల మధ్య అంత తేడా ఉంటే, రెండింటికీ ఒకే దారి పట్టాలన్న నియమమేమీ లేదు. ఆల్టోస్ అడ్వెంచర్ 2015లో ఐఫోన్‌కు ధరతో వచ్చింది, మరుసటి ఏడాది ఆండ్రాయిడ్‌కు యాడ్స్‌తో ఉచితంగా వచ్చింది. ఇది చాలా తెలివైన నిర్ణయమని నా అభిప్రాయం.

ఈ దారిలో కనపడని ఖర్చు ఒకటుంది. డబ్బు ఒక్కసారే వస్తుంది, పని మాత్రం ఏటా వస్తుంది. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పుడు 32-బిట్ యాప్‌లు, అంటే పాత రకం ప్రాసెసర్ల కోసం చేసినవి, పనిచేయడం మానేశాయి. అప్‌డేట్ చేసే స్తోమత లేని ఎన్నో పాత గేమ్‌లు, డబ్బు పెట్టి కొన్నవాళ్ల ఫోన్లలోనే ఆగిపోయాయి. గూగుల్ ప్లే 2019 ఆగస్టు నుంచి 64-బిట్ తప్పనిసరి చేసింది. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లకు తగ్గట్టు యాప్‌ను సరిచేయమని ఏటా గడువు పెడుతుంది. మూడేళ్ల కిందట కొన్నవాడి కోసం ఈ ఏడాది మీరు వారాల తరబడి పనిచేయాలి, దానికి కొత్తగా ఒక్క డాలరూ రాదు. ఆ బాధ్యత మోయగలరనుకుంటేనే ధర పెట్టండి.

నియమం ఒక్క ముక్కలో చెప్పగలిగే గేమ్‌కు ధర ఇంకో ప్రమాదం తెస్తుంది. త్రీస్ అనే అంకెల పజిల్ గేమ్‌ను చేయడానికి దాని జట్టుకు సుమారు 14 నెలలు పట్టింది. 2014 ఫిబ్రవరిలో 1.99 డాలర్లకు వచ్చింది. నెల తిరిగేసరికి గాబ్రియేలె చిరుల్లి ఒక్క వారాంతంలో రాసిన, అదే తరహా గేమ్ 2048 ఉచితంగా వచ్చి లోకమంతా పాకింది. త్రీస్ ఎంతో లోతైన గేమ్. కానీ పక్కన ఉచితంగా దొరికేదాన్ని ఆడుతున్నవాళ్లకు ఆ లోతు చూసే అవకాశమే రాలేదు. 2015లో త్రీస్ కూడా యాడ్స్‌తో ఉచిత రూపం తెచ్చింది. వాంపైర్ సర్వైవర్స్ వాళ్లు ఇదే ముప్పును ముందే పసిగట్టారు. ఫోన్లలో తమ గేమ్‌కు నకళ్లు పుట్టుకొస్తున్నాయని గమనించి 2022 డిసెంబరులో మొబైల్ గేమ్‌ను ఉచితంగానే ఇచ్చారు. ఆడేవాడు కావాలనుకుంటే తప్ప అందులో యాడ్ రాదు.

యాడ్స్ మీద బతకాలంటే

యాడ్స్ లెక్కలో గేమ్ ధర ఉండదు. వెయ్యిసార్లు యాడ్ చూపిస్తే ఎంత వస్తుందన్నదే ముఖ్యం, దాన్నే ఈసీపీఎం అంటారు. ఇది దేశాన్ని బట్టి, యాడ్ రకాన్ని బట్టి, కాలాన్ని బట్టి బాగా మారుతుంది. లెక్క అర్థం కావడానికి 5 డాలర్లు అనుకుందాం. సగటు ప్లేయర్ రోజుకు మూడు యాడ్స్ చూస్తాడు, నాలుగు రోజులు ఆడి వదిలేస్తాడు. అంటే 12 యాడ్స్, ఒక్కో ప్లేయర్‌కు 6 సెంట్లు. అదే 20,000 డాలర్లు రావాలంటే 3,33,000 మందికి పైగా దించుకోవాలి. 5,900 ఎక్కడ, మూడు లక్షలు ఎక్కడ!

ఎంత పెద్ద హిట్ అయినా ఒక్కో ప్లేయర్ నుంచి వచ్చే మొత్తం మరీ పైకి లేవదు. క్రాసీ రోడ్ 2014 నవంబరులో వచ్చి, మొదటి 90 రోజుల్లో 5 కోట్ల డౌన్‌లోడ్లతో కోటి డాలర్లు సంపాదించిందని దాని డెవలపర్లే ప్రకటించారు. భాగించి చూడండి. యాడ్స్, గేమ్‌లోని పాత్రల కొనుగోళ్లు అన్నీ కలిపి డౌన్‌లోడ్‌కు సుమారు 20 సెంట్లు. ఎందరో ఆదర్శంగా చూసే గేమ్ లెక్కే అది. యాడ్స్ దారిలో మీ పని ప్లేయర్లను లక్షల్లో తేవడం, తెచ్చినవాళ్లను రోజుల తరబడి నిలుపుకోవడం. నాలుగు రోజుల బదులు ఎనిమిది రోజులు ఆడితే ఆదాయం రెట్టింపవుతుంది. అందుకే ముగింపు ఉన్న కథల గేమ్‌లకు ఈ దారి నప్పదు. అంతులేని పరుగులు, మళ్లీ మళ్లీ ఆడే పజిళ్లకే ఇది సరిపోతుంది.

ప్లేయర్లను డబ్బు పెట్టి కొందామా అంటే, 6 సెంట్లు ఇచ్చే ప్లేయర్ కోసం అంతకన్నా ఎక్కువ ఖర్చు పెడితే ఎంత ప్రచారం చేస్తే అంత నష్టం. 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5తో ఆపిల్ తెచ్చిన మార్పు వల్ల, అనుమతి అడగకుండా ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు మనిషిని వెంబడించడం కుదరదు. ఏ ప్రచారం వల్ల ఏ ప్లేయర్ వచ్చాడో తెలుసుకోవడం చిన్నవాళ్లకు మరింత కష్టమైంది. పిల్లల గేమ్ అయితే ఇంకా జాగ్రత్త. అమెరికాలో 13 ఏళ్లలోపు పిల్లలకు, తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాళ్ల సమాచారం ఆధారంగా యాడ్స్ చూపడం చట్టవిరుద్ధం.

యాడ్ ఎక్కడ వస్తుందన్నదే ఆడేవాళ్ల దగ్గర మీ పరువు నిలబెట్టేది. ఒక పరుగు గేమ్‌లో ప్లేయర్ తన రికార్డుకు నాలుగడుగుల దూరంలో పడిపోయాడనుకోండి. అప్పుడు తెర మీద రెండు బటన్లు: ‘మళ్లీ మొదలుపెట్టు’, ‘యాడ్ చూసి ఇక్కణ్నుంచే కొనసాగు’. రెండోది నొక్కినవాడు తనంతట తాను నొక్కాడు, ఆ అర నిమిషానికి బదులు తనకేం వస్తుందో అతనికి తెలుసు. అదే క్షణంలో, ఏ బటనూ లేకుండా, వేలు ఇంకా తెర మీద ఉండగానే నిండుతెర యాడ్ మీదపడి, మూలన మూసే గుర్తు ఐదు సెకన్ల తర్వాత ఆవగింజంత కనిపిస్తే? వచ్చే డబ్బు కొన్ని సెంట్లే, కానీ అతను రేపు తిరిగిరాడు. నా సలహా: మొదటి రకంలా, ప్లేయర్ తనంతట తాను చూసి బదులుగా ఏదో పొందే బహుమతి యాడ్స్‌తో మొదలుపెట్టండి, నిండుతెర యాడ్స్ వద్దు. పెట్టక తప్పకపోతే లెవెల్‌కూ లెవెల్‌కూ మధ్య, కొన్ని నిమిషాల ఎడంతో. యాడ్స్ తీసేయడానికి ఒక్కసారి కట్టే చిన్న ధర కూడా తప్పకుండా ఇవ్వండి. అది కొన్నవాళ్లకు బహుమతి మాత్రం యాడ్ చూడకుండానే అందాలి.

ముందు ఆడనిచ్చి, తర్వాత అడగడం

ముగింపు ఉన్న గేమ్ చేస్తున్న చిన్న జట్టుకు నేను మొదట సూచించేది ఈ దారినే. తెలియనిదానికి డబ్బెందుకు అన్న అనుమానానికి ఇది నేరుగా జవాబిస్తుంది. గేమ్ ఉచితంగా దిగుతుంది, మొదటి భాగం పూర్తిగా ఆడొచ్చు, నచ్చితే ఒక్కసారి కట్టి మిగతాదంతా తెరుచుకోవచ్చు.

ఎంతమంది కడతారన్న ఆశ మాత్రం అదుపులో ఉండాలి. 2016 డిసెంబరులో సూపర్ మారియో రన్ సరిగ్గా ఈ పద్ధతిలోనే వచ్చింది, మొత్తం తెరవడానికి 9.99 డాలర్లు. ప్రపంచమంతా ఎరిగిన మారియో, వెనక నింటెండో. అయినా కొన్నవాళ్లు 10 శాతానికి చేరలేదని ఆ కంపెనీయే చెప్పింది. ఎవరూ ఎరగని మీ గేమ్‌కు 3 శాతం అనుకుని లెక్క వేసుకోండి. 3.99 డాలర్ల ధరకు, వంద డౌన్‌లోడ్లకు సుమారు 10 డాలర్లు. 20,000 డాలర్లకు దాదాపు 1,97,000 డౌన్‌లోడ్లు కావాలి. ఇదీ పెద్ద సంఖ్యే. కానీ యాడ్స్ లెక్కకన్నా చిన్నది, పైగా ప్లేయర్ నెల రోజులు తిరిగి రానక్కర్లేదు, ఒక సాయంత్రం బాగా గడిస్తే చాలు.

సూపర్ మారియో రన్ మీద వచ్చిన విమర్శల్లోంచి నేర్చుకోవాల్సింది, గోడ, అంటే ఉచిత భాగం ఆపి ధర అడిగే చోటు, ఎక్కడ కట్టాలన్నది. ఆటలో కొత్తదనం ఇంకా విచ్చుకోకముందే ఆపితే, ఉచితమన్నారు మోసం చేశారు అంటారు. గోడ రావాల్సింది ప్లేయర్ ఒక పనిలో ఆరితేరి, దాన్ని ఇంకోచోట ప్రయోగించాలని చూసేటప్పుడు. ఆరో లెవెల్‌లో అతనికి కొత్త రకం గెంతు నేర్పారనుకోండి. ఏడో లెవెల్ మొదట్లో ఆ గెంతుతోనే దాటగలిగే పెద్ద అగాధం చూపించి, అక్కడ ధర చెప్పండి. ఇంకా ఎన్ని లెవెల్స్ ఉన్నాయో, ఇంకెప్పుడూ ఏమీ అడగబోమన్న మాట, పాత కొనుగోలును తిరిగి తెచ్చుకునే బటన్, ఈ మూడూ అదే తెర మీద ఉండాలి. ఆ బటన్ ఆపిల్ నియమాల ప్రకారం ఎలాగూ తప్పదు. స్టోర్ వివరణ మొదటి వాక్యంలోనే ‘మొదటి ఆరు లెవెల్స్ ఉచితం, మిగతాది ఒక్కసారి కొనుగోలు’ అని రాసేయండి. దాని వల్ల కొన్ని డౌన్‌లోడ్లు పోతాయి. పోనివ్వండి, అవి ఒక్క స్టార్ రేటింగులుగా మారేవే.

2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు, విడుదలకు ముందు కొందరితో 14 రోజులు పరీక్ష జరపాలని గూగుల్ ప్లే నియమం పెట్టింది. మొదట 20 మంది కావాలనేది, తర్వాత 12కు తగ్గించింది. దాన్ని తప్పనిసరి తంతులా గడిపేయకండి. ఆ 12 మంది ఎక్కడ ఫోన్ పక్కన పెట్టారో చూస్తే గోడ స్థానం దానంతటదే తెలుస్తుంది.

మిగిలిన రెండు దారులు

నాణేలు, రత్నాలు అమ్మే గేమ్‌లు చాలా పెద్ద మొత్తాలు సంపాదిస్తాయి. కానీ ఆ డబ్బంతా ఎక్కువగా ఖర్చుపెట్టే కొద్దిమంది నుంచి వస్తుంది. వాళ్లకోసం వారం వారం కొత్త సరుకు వండాలి, సర్వర్లు నడపాలి, లెక్కలు చూసేవాళ్లు కావాలి. ఇద్దరున్న జట్టుకు అది తలకు మించిన భారం. ఏం వస్తుందో తెలియని పెట్టెలు అమ్మాలంటే వాటి అవకాశాల శాతాలు చూపాలని ఆపిల్ 2017 నుంచి అడుగుతోంది. డబ్బు తీసుకునే అలాంటి పెట్టెలు జూద చట్టాల కిందికి వస్తాయని 2018లో బెల్జియం తేల్చింది. చిన్న జట్లు ఈ దారికి దూరంగా ఉండటమే మంచిది.

చందా సేవలు వేరు. ఆపిల్ ఆర్కేడ్, గూగుల్ ప్లే పాస్ రెండూ 2019 సెప్టెంబరులో వచ్చాయి, నెట్‌ఫ్లిక్స్ గేమ్స్ 2021 నవంబరులో. యాడ్స్ లేవు, గోడలు లేవు. ఒప్పందం ప్రకారం ముందే డబ్బు అందితే తయారీ ఖర్చు భయం కూడా పోతుంది. చేస్తున్నవాళ్ల మనసుకు ఇంతకన్నా హాయి ఇంకోటి ఉండదు. కానీ తలుపు తెరిచేది వాళ్లు, మూసేదీ వాళ్లే. మాన్యుమెంట్ వ్యాలీ 3 నెట్‌ఫ్లిక్స్‌లో 2024 డిసెంబరులో వచ్చి, 2025 జులైలో వెళ్లిపోయింది. పిలుపు వస్తే సంతోషంగా వెళ్లండి. సంతకం పెట్టేముందు మాత్రం గడువు అయ్యాక హక్కులు ఎవరివో, ఇతర స్టోర్లలో ఎప్పటినుంచి అమ్ముకోవచ్చో రాతలో చూసుకోండి. పిలుపు వస్తుందన్న ఆశ మీద బడ్జెట్ వేసుకోకండి.

తేల్చుకునేటప్పుడు

నేనైతే మొదట అడిగేది ఒక్కటే: మీ గేమ్ ఏదో ఒకరోజు పూర్తవుతుందా? పూర్తయ్యేదైతే ముందు ఆడనిచ్చి అడగండి. వేరే వేదికలో ఇప్పటికే పేరుంటే మాత్రం నేరుగా ధర పెట్టండి, మొహమాటపడి తక్కువకు ఇవ్వకండి. అంతు లేనిదైతే బహుమతి యాడ్స్, దాంతోపాటు యాడ్స్ తీసేసే కొనుగోలు. తర్వాత ఖర్చులు ఏ రూపంలో వస్తాయో చూడండి. 2023 సెప్టెంబరులో, గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అందించే యూనిటీ సంస్థ, కొన్ని పరిమితులు దాటిన గేమ్‌లకు ఇన్‌స్టాల్‌కు 20 సెంట్ల దాకా రుసుము వేస్తామని ప్రకటించింది. 3.39 డాలర్లు మిగిలే గేమ్ దాన్ని తట్టుకుంటుంది. డౌన్‌లోడ్‌కు 6 సెంట్లు వచ్చే ఉచిత గేమ్‌కు అది ప్రాణాంతకం. డెవలపర్ల ఆగ్రహం తర్వాత ఏడాదికి దాన్ని పూర్తిగా రద్దు చేశారు. అయినా ప్రతి ఇన్‌స్టాల్‌కు ఖర్చు పుట్టించే దేన్నైనా, సర్వర్లతో సహా, ఉచిత గేమ్‌లో పెట్టేముందు రెండుసార్లు ఆలోచించాలి.

విడుదలయ్యాక దారి మార్చుకోవచ్చులే అనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. గూగుల్ ప్లేలో ఒకసారి ఉచితంగా ఇచ్చిన యాప్‌కు తిరిగి ధర పెట్టడం కుదరదు. కొత్త ప్యాకేజీగా మొదటినుంచి ఎక్కించాలి, పాత రివ్యూలన్నీ వదులుకోవాలి. ధర నుంచి ఉచితానికి రావడం సులువే, కానీ ముందే కొన్నవాళ్లకు గోడ ఎదురుకాకూడదు. ఐఫోన్‌లో ప్లేయర్ మొదట ఏ వెర్షన్ కొన్నాడో ఆపిల్ రసీదులోనే ఉంటుంది, దాన్నిబట్టి వాళ్లకు అంతా తెరిచేయొచ్చు. ఆండ్రాయిడ్‌లో అయితే మార్పుకు కొన్ని వారాల ముందే ఒక అప్‌డేట్ పంపి, అప్పటికి గేమ్ ఉన్నవాళ్లందరినీ ‘కొన్నవాళ్లు’గా గుర్తుపెట్టుకునే ఏర్పాటు చేయండి. ఆ గుర్తును ఫోన్‌లో మాత్రమే దాచితే ఫోన్ మార్చినవాళ్లు నష్టపోతారు, వాళ్ల ఖాతాతో పాటు క్లౌడ్‌లోనూ దాచండి. ఆ అప్‌డేట్ అందనివాళ్ల కోసం, కొనుగోలు రసీదు పంపితే తెరిచి ఇస్తామని ధర చూపే తెర మీదే ఈమెయిల్ చిరునామా పెట్టండి.